పక్క బెర్తు

ఎస్-4 తలుపు పక్కన అంటించిన చార్టును బంగార్రాజు రెండోసారి చదివాడు. పదిహేడు: చిన్నతల్లి, ఆడ, 44. ఇరవై: చంద్రమౌళి, మగ, 56. ఇద్దరూ బొంబాయికే. కిటికీ పక్కన ఎదురెదురు బెర్తులు.

"ఏటి బంగార్రాజూ, మీ ఆవిణ్ణి ఎక్కించడానికొచ్చీసినావా?" వెనకనుంచి సింహాచలం. పార్సిల్ ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క టేబుళ్లు. "రావద్దన్నాదని చెప్పినావు కదా?"

"వొద్దనే అన్నాది."

సింహాచలం చార్టు మీద వేలు పెట్టి చదివాడు. "అచ్ఛా! తోర్వా పేట చంద్రమౌళి. బండి కూడా ఒకటేనేటి?"

"కూడా అంటే?"

"గురువారం గురువారం ఆయన వాకిట్లో కనబడతాది కదా మీ ఆవిడ. నీకు తెలీదేటి?"

తెలీదు. గురువారాలు గోల్ బజార్‌కి కూరలకు వెళ్తుందని మాత్రమే తెలుసు.

కిటికీలోంచి చూశాడు. చంద్రమౌళి ఏదో చెప్తున్నాడు. చిన్నతల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

పదేళ్ల కిందట, ఎనభై మూడులో, ఆమెకు రొమ్ము కేన్సర్ వచ్చింది. బొంబాయిలో ఎడమ రొమ్ము తీసేశారు. ఐదేళ్లు గడిచాక డాక్టరు జబ్బు పోయిందన్నాడు. బంగార్రాజు క్వార్టర్లన్నిటికీ లడ్డూలు పంచాడు. చిన్నతల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

"జబ్బు పోనాదంట. మరి నాకేటీ బాగోలేదేటండీ?" అంది.

గంజి అతనే కాచాడు. తల అతనే దువ్వాడు. గంటకోసారి చూసి రమ్మని పక్కింటి అచ్చియమ్మకు చెప్పి డ్యూటీకి వెళ్లేవాడు. ఆపరేషన్ అయినప్పట్నుంచి అలా ఏడేళ్లు. మూడేళ్ల కిందట అతనికి సెలవు దొరకలేదు. చెకప్పుకి ఆవిడ ఒక్కతే వెళ్లి వచ్చింది. వచ్చిన మర్నాడు తనే లేచి తల దువ్వుకుంది. ఆ వారం పూలు కొంది. మరుసటేడు తనూ వస్తానంటే, "మీకెందుకు, సెలవు దండగ" అంది. రైల్వే వాళ్లిచ్చే పాసు మీద రోగితో పాటు ఒకరు అని ఉంటుంది. ఆ ఒకరు తనేననుకున్నాడు ఇన్నాళ్లూ.

ఏడేళ్లలో తను చేయలేనిది ఎవడో ఒక్క ప్రయాణంలో చేశాడు. బంగార్రాజుకు అదే ఎక్కువ మండింది.

బండి కదిలింది. అతను ఎక్కేశాడు.

"ఒరే, డ్యూటీ!" అని సింహాచలం అరిచాడు.

"భాటాపారాలో దిగిపోతాను."

అక్కడికి గంట ప్రయాణం. తిరుగు బండిలో ఆవిడ తన క్వార్టర్‌కి వస్తుందో, తోర్వాకే పోతుందో ఈ గంటలో తేలాలి.

అతన్ని చూడగానే చిన్నతల్లి నవ్వు ఆగిపోయింది. "ఏటండీ, మీరెక్కీసినారేటి?"

"నన్ను చూస్తే ఆగిపోతాదేటి ఆ నవ్వు?"

చంద్రమౌళి జరిగి చోటిచ్చాడు. "కూచో బాబూ." ఒకప్పుడు లోకోషెడ్డులో బాయిలర్ ఫిట్టరు. భార్య పోయింది. పదకొండేళ్ల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో అన్‌ఫిట్ అయి ఇంటికెళ్లాడని షెడ్డులో చెప్పుకుంటారు. మే నెల. పెట్టెలో మగాళ్లంతా బనియన్లతో ఉన్నారు. ఆయన చొక్కాకు మెడదాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

"బొంబాయిలో ఏటి పని మీకు?" అన్నాడు బంగార్రాజు.

"మా మేనల్లుడున్నాడు అక్కడ."

"ఏటా ఈవిడ చెకప్పు తారీకుకే గుర్తొస్తాడేటి ఆ మేనల్లుడు?"

పక్కన శనగలు తింటున్న ఆవిడ తినడం ఆపి, "క్యా హువా బహెన్?" అంది.

"కుఛ్ నహీ," అంది చిన్నతల్లి.

"గురువారాలు తోర్వాలో ఏటి బేరమాడతన్నావు? వంకాయలా?"

ఆమె తల దించుకోలేదు. "మాటాడుకుంటాం."

"ఏటి మాటలు?"

"మీతో ఆడలేనివి."

"ఏడేళ్లు తల దువ్వినాను నీకు. ఒక్కనాడు నా మొహం చూసి నవ్వినావా?"

"నవ్వితే నాకు బాగైపోనాదని మీరు లడ్డూలు పంచుతారు. ఏడిస్తే మీరన్నం మానెస్తారు. రెండూ చెయ్యలేకే గోడవైపు తిరిగినానండీ."

"మరి ఈయన ముందో?"

"రెండూ చేస్తాను. ఆయనా చేస్తాడు."

బంగార్రాజు లేచాడు. "అయితే బొంబాయినుంచి అటే ఎల్లిపో. క్వార్టర్‌కి రాకు."

చిన్నతల్లి చంద్రమౌళి వైపు చూసింది.

"వొద్దు తల్లీ. ఇచ్చిన మాట మూడేళ్లు నిలబెట్టినావు, చాలు. నేనే చెప్తాను," అన్నాడాయన.

బండి వేగం తగ్గింది. భాటాపారా సిగ్నలు దాటింది. చంద్రమౌళి బంగార్రాజు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. శనగలావిడకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"షెడ్డులో ఊపిరితిత్తులని చెప్పినాను. మేనల్లుడికీ అదే చెప్పినాను. అసలుది తెలిస్తే ఈడూ ఒక మగాడేనా అని నవ్వుతారు. బొంబాయిలో నన్ను చూసి నవ్వకుండా పక్కన కూచున్నది మీ ఆవిడొక్కతే."

"అసలుదేటి?"

"నాదీ రొమ్ము కేన్సరే, బాబూ."