కూసోని చూడుమన్న మనిషి

షోరూములో అందరూ కారు చుట్టూ తిరుగుతున్నారు.

భాగ్యశ్రీ చక్రాల కుర్చీ ఒక్కటే గోడ పక్కన ఆగి ఉంది.

అది కొత్తగా మార్చిన మోడల్. దాని పాత మోడలే వాళ్లింట్లో ఏడేళ్లుగా ఉంది. ఇప్పుడు తలుపులు పెద్దవి చేశారు. కప్పు ముందు నుంచే వెనక్కి జారుగా దించారు.

"పాతదాన్ల అమ్మను ఎక్కియ్యాలంటె నడుములు పోతున్నయి బాపు," అంది కూతురు సుస్మిత. "గిదైతె డోర్లు పెద్దగున్నయి."

"పైన కిందికి వచ్చినట్టున్నది గద," అన్నాడు శ్రీశైలం. సిరిసిల్లలో పన్నెండు మరమగ్గాల సాంచాలు నడిపించే మనిషి. ఏ వస్తువైనా రెండుసార్లు చూడంది తీసుకోడు.

"చూసెటందుకే గట్ల కనిపిస్తది సార్," అన్నాడు సేల్స్ అబ్బాయి జగదీశ్. "లోపల ఫ్రీగ ఉంటది."

భాగ్యశ్రీకి ఆ మాటలు పక్కింటి వాళ్ల సంగతిలా వినిపిస్తున్నాయి.

ఎనిమిది నెలల కింద కార్ఖాన మెట్ల మీద నుంచి జారిపడింది. నడుము కింద స్పర్శ పోయింది. తర్వాత మెల్లమెల్లగా మనసుకూ అదే పట్టుకుంది. తింటావా అంటే సరే. పడుకుంటావా అంటే సరే.

"ఏ రంగు తీసుకుందామే అమ్మా?"

"ఏదైనా సరే."

వాళ్లు మళ్లీ కారు వైపు తిరిగారు.

అప్పటిదాకా సోఫాలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు.

"ఎన్ని నెలలైంది చెల్లె?"

ఆమె తలెత్తింది. ఎవరైనా కుర్చీ తోసేవాళ్లనే అడుగుతారు. ఆమెను అడగరు.

"ఎనిమిది."

"కారు ఎక్కేటప్పుడు తల తాకుతదా?"

"తాకుతది. చెప్పను."

ఎందుకు చెప్పవని ఆయన అడగలేదు. వెళ్లి కొత్త కారు ముందు తలుపు తెరిచాడు. సీటుకూ కప్పుకూ మధ్య చెయ్యి పెట్టి కొలిచాడు.

"సార్, కొనెముందు చెల్లెను ఒక్కసారి కూసోవెట్టి చూడుండ్రి. పాతదానికన్న నాలుగు వేళ్లు కిందికి వచ్చింది."

శ్రీశైలం జగదీశ్ వైపు చూశాడు.

"పాత బండి అమ్ముకునెటందుకు వచ్చిండు సార్," అన్నాడు జగదీశ్, గొంతు తగ్గించి. "వచ్చినోళ్లందరిని గిట్లనే చూస్తుంటడు."

శ్రీశైలం ముఖం మారింది. బ్రోకరు అనుకున్నాడు.

"నా బండి బయట ఉంది," అన్నాడు పెద్దాయన. "పాత మోడలే. ఒక్కసారి వచ్చి చూస్తరా?"

"మా ఇంట్ల గదే ఉంది. దాన్ని ఇడిసిపెట్టెటందుకే వచ్చినం."

"నాది గట్ల కాదు సార్..."

"వద్దు పెద్దమనిషీ. మమ్ముల చూసుకోనియ్యి."

ఆయన భాగ్యశ్రీ వైపు తిరిగాడు.

"నువ్వేమంటవ్ చెల్లె? రెండు నిమిషాల పని."

పోదామని ఆమెకు గొంతుదాకా వచ్చింది. భర్త చూస్తున్నాడు. కూతురు చూస్తోంది. ఎనిమిది నెలలుగా అలవాటైన మాటే బయటికి వచ్చింది.

"వాళ్లు ఎట్లంటె గట్లనే."

"మంచిది చెల్లె," అని ఆయన వెళ్లి మళ్లీ సోఫాలో కూర్చున్నాడు.

అందరి ముందు ఎత్తి కూర్చోబెడితే బాగుండదని సుస్మిత అంది. కూర్చోబెట్టకుండానే తెల్లది బుక్ చేశారు.

బండి వచ్చిన రోజే ఎక్కిస్తుంటే భాగ్యశ్రీ తల తలుపు పైఅంచుకు తగిలింది. రెండోసారి శ్రీశైలం అక్కడ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ తర్వాత దవాఖానకు తప్ప ఆమెను ఎక్కడికీ తీసుకుపోలేదు. ఆమె అడగనూ లేదు.

నెల దాటాక, దవాఖాన నుంచి వస్తూ మొదటి సర్వీసింగ్‌కు, కారు కొన్న జగిత్యాల షోరూములోనే ఆగారు. తండ్రీకూతుళ్లు ఆమెను కారులోంచి దింపుతుంటే మెకానిక్ ఎల్లేశం పని ఆపి చూశాడు.

"నెల కింద రాజేశం సార్ మాట్లాడింది మీతోనేనా అమ్మా?"

"ఏ రాజేశం?" అన్నాడు శ్రీశైలం.

"గీ దగ్గర్ల ఇబ్రహీంపట్నం ఆయన. దుబాయ్‌ల ఇరవై ఏండ్లు డ్రైవర్ చేసి వచ్చిండు. ఆయన బండిల ముందు సీటు మొత్తం బయటికి తిరిగి కిందికి దిగుతది. కుర్చీల నుంచి మనిషి సొంతంగ జరిగి కూసోవచ్చు. ఎవ్వరు ఎత్తే పని లేదు. దుబాయ్ నుంచి తెప్పిచ్చి బిగిపిచ్చిండు, ఆయన భార్య కోసం."

"ఆమె ఎట్లున్నది?" అంది సుస్మిత.

"మొన్నటి వానకాలంల కాలం జేసింది."

సుస్మిత అమ్మ కుర్చీని నీడకు జరిపింది.

"గా బండి ఎక్కడుంది ఇప్పుడు?" అన్నాడు శ్రీశైలం.

"మీరు వచ్చిపోయిన సాయంత్రమే మా దగ్గర ఇచ్చేసి బస్సెక్కిండు. కోరుట్లాయన ఒకరు తీసుకున్నడు. ఆయనకు గా సీటెందుకు? తీపిచ్చి మామూలుది ఏపిచ్చుకున్నడు. అది పాత ఇనుములకు వోయింది."

శ్రీశైలం తన అరచెయ్యి చూసుకున్నాడు.

ఏడుపు వస్తుందేమోనని భాగ్యశ్రీ చూసింది. రాలేదు. కాని చాలా రోజుల తర్వాత ఒక మాట తనంతట తానే అడిగింది.

"మాకే అమ్మాలని ఎందుకు అనుకున్నడు?"

"అమ్మెటందుకు కాదమ్మా," అన్నాడు ఎల్లేశం. "గసొంటి సీటు కావాల్సినోళ్లు కనవడితె తాళంచెవి పైసలు తీసుకోకుంట ఊకెనే చేతుల వెట్టి పోతనని తొమ్మిది దినాలు వచ్చి కూసున్నడు, గా తొమ్మిది దినాలల్ల కుర్చీల వచ్చింది మీరొక్కరే."