ఒక్క అబద్ధం కూడా

“చచ్చినవాణ్ని బతికించమంటారా?” ఫోన్లో అరిచాడు శామ్యూల్ రాజ్.

“మునగలేదని రాయమంటున్నానండీ,” అన్నాడు పబ్లిషర్ కొండలరావు తాపీగా. “మొగుడు సముద్రంలో పోయాడని పెళ్లాం ఏడుస్తుంటుంది. వాడేమో వేరే ఊళ్లో ఇంకొకావిడతో కాపురం. చివర్లో బయటపడుతుంది. ఆ ముగింపు రాసివ్వండి, టీవీ సీరియల్‌కి ఈ వారమే సంతకాలు.”

“అది బతికున్న మనిషి కథండీ. సీరియల్ కోసం ఆవిణ్ని బజారుకీడ్చలేను.”

“నిజాన్ని ఎవరు కొంటారు సార్? మీ మొదటి నవల ఇంకా మీ మంచం కిందే ఉన్నట్టుందే?”

ఆ మాట నిజమే. అందుకే ఎక్కువ మండింది. అట్టపెట్టెల నిండా కాపీలు. చెదలు తప్ప వాటిని ముట్టినవాళ్లు లేరు. సీరియల్ వస్తే బడి స్టాఫ్‌రూమ్‌లో అయినా తనను చూసి నవ్వడం మానేస్తారు. రెండు రోజులు కొట్టుమిట్టాడాడు. మూడోరోజు కుదరదని చెప్పేశాడు. కొండలరావు నవలనే తిప్పి పంపేశాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టి బందరు చేపల మార్కెట్‌కి వెళ్లాడు రాజ్. వీరమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. దివిసీమ నుంచి ఒంటరిగా వచ్చి పదిహేనేళ్లు. మెడలో పసుపుతాడు అలాగే ఉంది. “శవం దొరకలేదుగా మాస్టారూ, ఎలా తియ్యను?” అని ఆమె ఒకప్పుడు అన్న మాట మీదే అతను నవలంతా కట్టాడు. మొగుడి ఫొటో అడిగితే మొహం తిప్పుకుంది. ఎంత ప్రేమో అనుకుని దాని మీద ఏకంగా ఒక అధ్యాయం రాశాడు.

“పుస్తకం రావట్లేదు వీరమ్మా.”

“అయ్యో! నా వల్లేనా అండీ?”

“నీ వల్ల కాదు. మీ ఆయన పోలేదని, ఎక్కడో ఇంకొకావిడతో కాపురం పెట్టాడని రాయమన్నారు. ఛీ అన్నాను. నా పేరు పోతే పోయింది, నీ కథలో ఒక్క అబద్ధం కూడా రాయలేదు.”

ఇన్నేళ్ల రాతలో అతనికి గర్వంగా అనిపించిన క్షణం అదొక్కటే.

వీరమ్మ చేతిలో చేప జారింది. అటూ ఇటూ చూసి, పసుపుతాడు మీదికి కొంగు లాక్కుని, గొంతు తగ్గించింది.

“గుడివాడ సంగతి వాళ్లకెవరు చెప్పారు మాస్టారూ?”