బండ మీద ఆగిన రోబో

"రిమోట్ ఇటియ్యన్నా, ఎక్కిస్త," షెకీనా చెయ్యి చాపింది.

"అవసరం లేదు చెల్లె. ఇగ అదే ఎక్కుతది. రేపటినుంచి నువ్వు రాకున్నా నడుస్తది," అన్నాడు ఇంజనీరు గోవర్ధన్.

గొలుసు చక్రాల రోబో కొత్వాల్‌గూడ బండ మీదికి తనంతట తానే కదిలింది. చూడవచ్చిన సైనికాధికారులు తలలూపారు.

ఏడాదిగా దాన్ని నడిపింది షెకీనాయే. "నువ్వు నడిపేదంతా రికార్డు చేస్తున్న, రిపేరుకు పనికొస్తది," అని నమ్మించాడతను. ఆ రికార్డులతోనే దానికి నడక నేర్పాడు.

సగం బండ ఎక్కి రోబో ఆగిపోయింది.

"ఎందుకాగింది?" ఒక అధికారి అడిగాడు.

"దారి ఆలోచిస్తున్నది సార్," అన్నాడు గోవర్ధన్.

రోజూ సరిగ్గా అక్కడే ఆపి, షెకీనా అరచేతులు చున్నీకి తుడుచుకునేది.

"ఆలోచిస్తలేదు సార్," అంది షెకీనా. "చెమట తుడుచుకుంటున్నది."