కొట్టేసిన పేరా

“ఆ ఒక్క పేరా తీసేయండి సార్,” అంది చిన్న మేడమ్.

“తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా? తలకాయ లేని మొండెం మిగులుతుంది,” అన్నాడు పెద్దసారు, కళ్ళజోడు నుదుటి మీదికి ఎగదోసి.

పరిశోధనశాలలో గాజుగిన్నెలు కడిగి బోర్లించిన బల్లకు అటొకరు, ఇటొకరు నిలబడి ఉన్నారు. మధ్యలో ఆమె రాసిన వ్యాసం. గోధుమ పైరును పట్టి పీడించే బూజు తెగులు గురించి రాసింది. పాపం, తెగులుకు విరుగుడు వెతుకుతూ వెతుకుతూ ఉంటే, ఆ తెగులుకే ఎక్కడలేని బలం పట్టే కిటుకు ఆమె చేతికి చిక్కింది. ఏ మందుకూ లొంగని బూజు అది. ఒక్క చేలో వదిలితే చాలు, గాలి ఎటు వీస్తే అటు ఊళ్లకు ఊళ్లే పస్తు పడుకోవాలి. ఆ కిటుకంతా ఆ పేరాలో, కొత్త కోడలికి వంట నేర్పినట్టు, ముందు ఇది, తర్వాత ఇది అని వరసగా ఉంది.

“రాసినప్పుడు లేని భయం ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది?”

“రాసినప్పుడు మనవాళ్లే చూస్తారనుకున్నాను సార్. అచ్చయ్యాక ఎవడి కంట పడుతుందో ఎవరు చూడొచ్చారు? పిచ్చివాడి చేతికి మనమే రాయి ఏరి ఇచ్చినట్టు కాదూ?”

“పిచ్చివాళ్లు మన వ్యాసాలు చదవరమ్మా. తెలివైనవాళ్లే చదవడం లేదు.”

ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

“చూడు తల్లీ,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ పేరాతో వెళ్తే పెద్ద పత్రిక వాళ్లు కళ్ళకద్దుకుని వేసుకుంటారు. నీ ఉద్యోగం పర్మనెంటవుతుంది. లేదా, ఈ ఏడాదితో నీ దారి నీది. తర్వాత నా మీద పడి ఏడవొద్దు.”

చిన్న మేడమ్‌కు ఇల్లు గుర్తొచ్చింది. కోడలి ఉద్యోగం ఖాయమైపోయిందని ఇంటి దగ్గర అత్తగారు అప్పుడే వీధి వీధంతా చాటేసింది మరి. అయినా వ్యాసం చంకన పెట్టుకుని తిన్నగా నీతి తాతగారి గదికి నడిచింది. వెనకాలే రుసరుసలాడుతూ పెద్దసారు.

నీతి తాతగారంటే, పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీకి పెద్ద. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. పేరాను వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా చదివారు. మళ్ళీ చదివారు. చెమట తుడుచుకున్నారు.

“తెలిసింది దాచడం పాపం కదండీ తాతగారూ!” అన్నాడు పెద్దసారు.

“అగ్గిపెట్టె ఇంట్లో ఉండాల్సిందే నాయనా. అలాగని ఉయ్యాల్లో పెట్టం కదా?”

“మరి ఈ పిల్ల బతుకేం కాను? ఉద్యోగం పోతుంది.”

తాతగారు ఆమె వంక తిరిగారు. “పోతుందని తెలిసే అడుగుతున్నావా అమ్మా?”

“తెలిసే తాతగారూ.”

“అయితే ఇంకేం,” అని ఆయన ఎర్రకలం తీసి ఆ పేరా మీద అడ్డంగా గీత కొట్టారు. కంప్యూటర్లలో ఉన్నది చెరిపించారు. చిత్తు కాగితాలు చించించారు. ఇంకెక్కడా దాని నీడ కూడా మిగలకూడదని గట్టిగా హెచ్చరించి, గీత కొట్టిన కాగితాన్ని మాత్రం రుజువు కోసం తన బీరువాలో పెట్టుకున్నారు. పెద్దసారు తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు.

అనుకున్నట్టే అయింది. పెద్ద పత్రిక వాళ్లు వ్యాసం తిప్పి పంపారు. ఎవరూ పేరు వినని పత్రిక ఒకటి దయతలిచి వేసుకుంది. ఉద్యోగం ఊడింది.

“ఒక్క పేరా కోసమా ఇంత రభస? పోయి మళ్ళీ అతికించి రాకూడదటే?” అంది అత్తగారు.

“అందులో నలుగురి నోటి దగ్గర కూడు ఉందత్తయ్యా.”

“అయితే వద్దులే. కూడు జోలికి పోవద్దు. వీధిలో వాళ్లకు ఏదో ఒకటి నేను చెప్పుకుంటాలే, నువ్వు తిను ముందు,” అని అత్తగారు కంచం దగ్గరికి జరిపింది.

ఆఖరి రోజున చిన్న మేడమ్ తన బల్ల సొరుగు ఖాళీ చేసుకుని, సంచీ భుజాన వేసుకుని బయటికి వస్తుంటే వరండాలో అందరూ చుట్టుముట్టారు. “అంతా మీ చలవే మేడమ్! మీరు అడ్డుపడబట్టే కదా కొత్త నియమం వచ్చింది. పరిశోధనశాలలన్నిటికీ పంపించారు. ఇందాకే మన గేటు మీద కూడా బోర్డు కట్టారు, చూశారా?”

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం పోయినా పరువు దక్కింది, పంట దక్కింది, ఇంకేం కావాలి అనుకుంది.

గేటు దగ్గర నీతి తాతగారు చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిపందిరి చూసుకునే ఆడపిల్ల తండ్రిలా నిలబడి ఉన్నారు. రోడ్డున పోయేవాళ్లు ఆగి ఆగి చదువుతున్నారు. ఒకాయనైతే ఫోనుతో ఫొటో కూడా తీసుకున్నాడు.

“ఇక ఎవరైనా తెలియక చేశానంటే కుదరదమ్మా. నేనే దగ్గరుండి రాయించాను,” అన్నారు తాతగారు.

చిన్న మేడమ్ తల ఎత్తి చూసింది. పైన ఎర్రటి అక్షరాలతో ‘ఈ కింద చెప్పిన పనిని ఎవరూ, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు’ అని ఉంది. ఆ కింద ఆమె పేరా, అక్షరం పొల్లుపోకుండా, చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా బొమ్మలతో సహా ఉంది.