ఎరువు బకెట్టు

పెరట్లో తవ్విన గుంతలోకి కియోషి వంటింటి చెత్త మాగబెట్టే ఎరువు బకెట్టు వంచాడు. తవుడు పట్టిన కూరగాయల తొక్కలతో పాటు, సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దలు కొరకనివి కొరకనట్టే దొర్లిపడ్డాయి.

"ఫుమియే, ఇవి నేను పొద్దున్నే నీకు చేసిపెట్టేవి కదూ?"

"అవునండీ," అంది భార్య.

"తిన్నానన్నావు. ఉప్పు సరిపోయిందని కూడా అన్నావు!"

కూతురు పోయినప్పటి నుంచి ఆమెకు ఆకలీ లేదు, ఏడుపూ లేదు.

"నువ్వు కూడా పోదామనుకుంటున్నావా?" అంటూ కోపంగా బకెట్టు విదిలించాడు. అడుగు నుంచి కాల్చిన చేపలు, గుడ్డు అట్లు జారిపడ్డాయి.

ఫుమియే వంగి చూసింది.

"ఇవి నేను మీకు డబ్బాలో కట్టిచ్చినవి."

కియోషి తల తిప్పుకున్నాడు.

"చేప అదిరిందన్నారు కదండీ?"

"నేను తినట్లేదని తెలిస్తే నువ్వు కూడా మానేస్తావేమోనని..."

బిడ్డ పోయినా ఈయనకు చేప రుచిస్తోందని ఆమె ఇన్నాళ్లూ లోలోపల అసహ్యించుకుంది. ఆ మాట ఇప్పుడు పైకి అనలేకపోయింది.

లోపలికి వెళ్లి ఒక అన్నం ముద్ద చేసి తెచ్చింది. రెండుగా విరిచి సగం అతనికిచ్చింది. అతను నమిలి మింగేదాకా చూసి, తన సగం కొరికింది.