పదకొండో గదిలో ఏనుగు

మంచం మీద ఏనుగు కూర్చుని ఉంది.

తెల్లటి తువ్వాలును మడిచి చేసిన ఏనుగు.

గది ఊడ్వడానికి వచ్చిన క్రాంతి కుమార్ చేతిలోంచి చీపురు జారిపోయింది.

ఒక్క అంగలో మంచం దగ్గరికి వెళ్ళి, దాన్ని సరిగ్గా చూడనైనా చూడకుండా విప్పేసి, మాసిన బట్టల్లోకి విసిరికొట్టాడు.

ఎవరికో తెలిసిపోయింది!

తను ఓడలో పనిచేసి వచ్చాడని ఎల్‌బీ నగర్‌లోని ఈ లాడ్జిలో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ పూటే పని ఊడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు హోటళ్ళవాళ్ళు, ‘షిప్పోళ్ళే గదా ఈ రోగం తెచ్చింది’ అని గేటు బయట నుంచే పంపించేశారు. కిరాయి ఇంట్లో తల్లి సారమ్మ, నెలలు నిండిన భార్య జోస్నా. ఈ పనీ పోతే పొయ్యి వెలగదు.

విహార నౌకల్లో గదులు సర్దేవాళ్ళు తువ్వాళ్ళతో అలా ఏనుగులు చేసి మంచాల మీద పెడతారు. ప్రయాణికులు మురిసిపోయి ఫొటోలు తీసుకునేవారు. కరోనా వచ్చింది. ప్రయాణికులు దిగిపోయారు. మిగిలిన పనివాళ్ళను ఏ రేవూ దిగనివ్వలేదు. జీతాలు ఆగాయి. లంగరేసిన ఆ ఓడలోనే క్రాంతితో ఒకే గదిలో ఉండే జగన్ జ్వరంతో పోయాడు. శవం కూడా ఊరు చేరలేదు. చివరికి కంపెనీ దివాలా తీసి, ఓడను తుక్కుకు అమ్మేసింది.

ఆ సంగతులేవీ క్రాంతి ఎవరి దగ్గరా ఎత్తడు.

కిందికి దిగి లాడ్జి ఓనర్ రామారావును మాటల్లో పెట్టాడు.

“సార్, పదకొండుల దిగినాయన ఎవరు?”

“పేరు అంతయ్యంట. నల్గొండ వైపు పల్లెటూరంట. ఏరా, చెయ్యి తడపలేదా?”

“గదేం లేదు సార్. ఊకెనే అడిగిన.”

మర్నాడు మళ్ళీ ఏనుగు.

ఆ మర్నాడూ ఏనుగే.

క్రాంతికి నిద్ర పట్టలేదు. ఎవడీ అంతయ్య? ఏం గుంజుదామని ఈ బెదిరింపు?

తర్వాతి రోజు పొద్దున్నే పదకొండో గది ముసలాయన మెట్ల మీద ఎదురుపడ్డాడు. బక్కపలచటి మనిషి. మూతికి గుడ్డ మాస్కు.

“బిడ్డా, జర ఆగు. ఒక్క మాట.”

“నాకు పనుంది పెద్దాయనా.”

“గదిలకు రా బిడ్డా. ఈడ వద్దు. ఎవలన్న ఇంటరు.”

క్రాంతి గోడవైపు తప్పుకోబోయాడు.

“నాతోటి నీకేం మాటలు? నేను నీకు ఎరికేనా?”

“ఏనుగును చూసినవు గదా?”

“ఏ ఏనుగు? నాకేం ఎరికలేదు. పక్కకు జరుగు!”

ముసలాయన ఏదో చెప్పబోయాడు. దగ్గు వచ్చింది.

ఒకే ఒక్క దగ్గు.

క్రాంతికి అది చాలు. పరుగున కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

“సార్! పదకొండాయన దగ్గుతుండు. రాత్రంత గిట్లనే దగ్గిండు.”

రామారావు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

“ఓరి నాయనో! అంబులెన్సుకు ఫోన్ కొట్టరా! ఆ గదికి తాళమెయ్యి. ఎవరూ లోపలికి పోవద్దు!”

ఒళ్ళంతా తొడుగులేసుకున్న ఇద్దరు వచ్చి ముసలాయన్ను బండి ఎక్కించారు.

తలుపు మూసే ముందు ఆయన క్రాంతి వైపు చూశాడు. నోరు తెరిచాడు. క్రాంతి పక్కనే నిలబడ్డ రామారావు కనిపించాడు.

తెరిచిన నోరు మూసుకున్నాడు.

బండి కదిలింది. ‘గండం గడిచింది’ అనుకున్నాడు క్రాంతి.

వారం తిరక్కుండానే రామారావు పిలిచాడు.

“రేపట్నుంచి మళ్ళీ లాక్‌డౌనంట. లాడ్జి మూసేస్తున్నానురా. నువ్వు కూడా వేరే పని చూసుకో.”

“సార్... జోస్నాకు ఇయ్యాలో రేపో అన్నట్టుంది సార్.”

“నన్నేం చెయ్యమంటావురా? నేనూ మునిగాను. వెళ్ళేముందు ఆ పదకొండు తాళం తీసి, ముసలాయన సంచి బయట పడెయ్. పొద్దున ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. పోయాడంట.”

క్రాంతి తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

“వెర్రిబాగుల మనిషి,” తాళంచెవి వెతుకుతూ అన్నాడు రామారావు. “దిగిన రోజున ఏమడిగాడో తెలుసా? షిప్పులో చేసొచ్చిన కుర్రాడెవరైనా మీ దగ్గర ఉన్నాడా అని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరో చెప్పారంట.”

“మీరేమన్నరు సార్?”

“అలాంటోడుంటే ఈ క్షణమే మెడపట్టి గెంటేస్తానన్నాను. పాపం, హడలిపోయాడు. ‘లేడు సారూ, నేనే తప్పు విన్న’ అని రెండు చేతులూ జోడించాడు. మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు!”

క్రాంతి మెట్లెక్కాడు.

తాళం తీశాడు. ఆ రోజు నుంచి ఎవరూ అడుగుపెట్టని గది. మంచం మీద, ఆ పొద్దున ముసలాయన చేసిపెట్టిన ఏనుగు.

ఇప్పుడు దాన్ని దాచాల్సిన పని లేదు. పోవడానికి ఉద్యోగమూ లేదు. మొదటిసారి దాని వైపు నిదానంగా చూశాడు.

ఓడలో అందరూ తొండం పైకెత్తి పెట్టేవారు. దీని తొండం ఎడమ చెవి కిందికి ఒదిగి ఉంది.

అలా చేసేవాడు ఆ ఓడ మొత్తానికి ఒక్కడే.

సముద్రం మధ్య చిక్కుకున్న రోజుల్లో, ఇంటికి వీడియో కాల్ చేసి, ఫోన్ గోడకు ఆనించి, తువ్వాలు మడిచి చూపిస్తూ, జగన్ నవ్వుతూ అన్న మాట క్రాంతి చెవిలో మళ్ళీ మోగింది: “గట్ల కాదు నాయినా, తొండం ఎడమ దిక్కు తిప్పు.”