రెండు రోజుల మొలక

"చెప్పాపెట్టకుండా పోయాడా? నువ్వు చెబితేనే తెలిసిందే తల్లీ!" అంటూ అక్క గుండెలు బాదుకుంది.

ఈ పొద్దున మొగుడు ఇంకొకామెతో వెళ్ళిపోతే, చెల్లెలు కట్టుబట్టలతో అక్క ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"ఏడుపు తర్వాత, ముందు తిను. నీకిష్టమైన పెసర మొలకల కూరే."

ఆ ఇంట్లో ఆ కూర ఇంకెవరూ ముట్టరు. ముద్ద కలపబోతూ చెల్లెలు ఆగిపోయింది. ఒక్కో మొలకా వేలి కణుపంత ఉంది. అంత సాగాలంటే రెండు రోజులు పడుతుంది.

"పెసలు ఎప్పుడు నానబోశావక్కా?"

అక్క చేతిలో గరిటె ఆగింది. "మొన్న... ఎలాగూ ఏడుస్తూ ఇక్కడికే వస్తావు కదాని..."

చెల్లెలు కంచం పక్కకి నెట్టేసింది.

"మొన్నే ఒక్కమాట చెప్పుంటే వాణ్ణి గుమ్మంలోనే నిలదీసేదాన్ని. నువ్వేమో పెసలు నానబోసుకుని కూర్చున్నావు."